ఇరవై పూసలతో కూడిక: ఒక బోధన పెట్టెపై సమీక్ష

కూడికలు నేర్పడానికని వచ్చే ఆటవస్తువుల్లో ఎక్కువ భాగం ఒకే పని చేయిస్తాయి. ఇక్కడ నాలుగు బిళ్లలు, అక్కడ మూడు బిళ్లలు పెట్టించి, అన్నిటినీ దగ్గరకు చేర్చి, ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టమంటాయి. పిల్లలకు లెక్కపెట్టడం వచ్చు కాబట్టి జవాబు వస్తుంది; జవాబు వచ్చింది కాబట్టి కూడిక వచ్చేసిందని పెద్దలు అనుకుంటారు. ఇరవై పూసల చట్రం, ఒక మూతపలక, కార్డుల కట్ట, అభ్యాస పుస్తకం, ఇసుక గడియారం కలిపి అమ్ముతున్న ఈ పెట్టె ఆ పద్ధతికి భిన్నంగా ఉంటుందని విని కొన్నాను. చట్రం విషయంలో ఆ మాట నిజమే. మిగతా వస్తువుల గురించి అంత ధీమాగా చెప్పలేను. పుస్తకమైతే చట్రం చేసిన మేలును కొంతవరకు వెనక్కి లాగుతుంది కూడా. ఒకటో తరగతి చదివే మా అక్క కూతురితో దీన్ని వాడుతూ గమనించిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

చట్రం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. పొడవాటి చెక్క చట్రంలో ఒకదాని కింద ఒకటిగా రెండు ఉక్కు కడ్డీలు, ఒక్కో కడ్డీకి పది పూసలు. ప్రతి వరుసలోనూ మొదటి అయిదు పూసలు ఎరుపు, తర్వాతి అయిదు తెలుపు. మొదలుపెట్టే ముందు పూసలన్నీ కుడివైపుకు చేరి ఉంటాయి. వాటిలో కావలసినన్ని ఎడమకు జరిపితే ఆ సంఖ్యను ‘వేసినట్టు’ లెక్క. ఈ అమరికను నెదర్లాండ్స్‌లోని ఫ్రాయిడెన్‌తాల్ సంస్థలో గణిత బోధన మీద పనిచేసిన ట్రెఫర్స్ రూపొందించారు. అక్కడ దీన్ని రెకెన్‌రెక్ అంటారు. పూసల చట్రాలు అంతకుముందూ ఉన్నాయి. రష్యా వర్తకులు వాడిన ‘ష్చోతీ’లో తీగకు పది పూసలుండేవి, నడిమి రెండు మాత్రం వేరే రంగులో. నెపోలియన్ 1812లో రష్యాపై చేసిన దండయాత్రలో బందీగా చిక్కి సరాతోవ్‌లో గడిపిన ఫ్రెంచి గణితవేత్త పోన్సెలే, స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆ పరికరాన్ని అక్కడి పిల్లల చదువులోకి తెచ్చాడు. వర్తకుడికి పూసలు తప్పు లేకుండా, వేగంగా జరిగితే చాలు. బడిపిల్లకు జరిగిన పూసలు ఎన్నో చూడగానే తెలియాలి. అందుకే ఈ చట్రంలో రంగు నడిమి రెండు పూసల దగ్గర కాకుండా సరిగ్గా సగంలో మారుతుంది.

సగం దగ్గరే ఎందుకంటే మనిషి కంటికి ఒక హద్దు ఉంది. ఇంగ్లండుకు చెందిన ఆర్థికశాస్త్రవేత్త స్టాన్లీ జెవన్స్ చిక్కుడు గింజలను ఒక పెట్టెలోకి విసిరి, ఎన్ని పడ్డాయో ఒక్క చూపులో చెప్పి, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకుంటూ వెయ్యికి పైగా సార్లు తనను తాను పరీక్షించుకున్నాడు. 1871లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం మూడు, నాలుగు గింజల విషయంలో ఆయన ఒక్కసారి కూడా పొరబడలేదు. అయిదు దగ్గర అడపాదడపా తప్పాడు. ఆపైన సంఖ్య పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి. పెద్దవాళ్లకే అంత కష్టమైతే, ఒకే రంగు పూసలు ఏడు వరుసగా కనిపించినప్పుడు ఆరేళ్ల పిల్ల వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టడంలో వింత లేదు. అదే ఏడు ఎర్రవి అయిదు, తెల్లవి రెండుగా విడిపోతే లెక్కపెట్టే పని ఉండదు. ఎర్రగుంపు అయిదని ఒకసారి తెలిస్తే చాలు, మిగిలిన రెండూ చూడగానే తెలిసిపోతాయి. ఇంకో లాభమూ ఉంది. ఏడు పూసలు ఎడమకు జరిపిన క్షణంలోనే కుడివైపున మూడు తెల్లపూసలు మిగిలి కనిపిస్తాయి. ఏడుకు ఎంత చేరిస్తే పది అవుతుందో ఎవరూ అడగకముందే జవాబు అక్కడ ఉంటుంది.

దీని విలువ తెలియాలంటే పిల్లలు కూడిక చేసే తీరు ఎలా మారుతూ వస్తుందో కొంచెం చెప్పుకోవాలి. మొదట్లో పిల్లలు రెండు గుంపులనూ విడివిడిగా లెక్కపెట్టి, మళ్లీ కలిపి ఒకటి నుంచి మొదలుపెడతారు. తర్వాత మొదటి సంఖ్యను మనసులో పెట్టుకుని, రెండోదాన్ని వేళ్ల మీద పెట్టుకుని ముందుకు లెక్కిస్తారు. ఆ తర్వాత ‘పెద్దది మనసులో, చిన్నది వేళ్ల మీద’ అనే కిటుకు పట్టుబడుతుంది. 3+8 అడిగినా ఎనిమిది నుంచే మొదలుపెడతారు. గ్రోయెన్, పార్క్‌మన్ అనే పరిశోధకులు 1972లో, ఒకటో తరగతి పిల్లలు జవాబు చెప్పడానికి తీసుకునే సమయం ప్రధానంగా రెండు సంఖ్యల్లో చిన్నదాన్ని బట్టే పెరుగుతుందని చూపించారు. సంఖ్యల వరుస మార్చినా మొత్తం మారదనే స్థిత్యంతర ధర్మం పేరు పాఠంలోకి రావడానికి చాలా ముందే పిల్లలు దాన్ని వేళ్ల మీద వాడేస్తున్నారన్నమాట. ఆఖరి మెట్టు మాత్రం వేరు. అక్కడ లెక్కింపు ఉండదు, తెలిసిన కూడికలోంచి తెలియనిదాన్ని రాబట్టడమే ఉంటుంది. ఆరూ ఆరూ పన్నెండని తెలిసిన పిల్ల 6+7 కోసం వేళ్లు మడవదు. ఒకటి ఎక్కువ కాబట్టి పదమూడు అంటుంది.

చిక్కంతా చివరి రెండు మెట్ల మధ్యనే. వేళ్ల మీద సరైన జవాబు వస్తున్నంతకాలం పద్ధతి మార్చుకోవాల్సిన అవసరం పిల్లలకు కనిపించదు. రెండంకెల, మూడంకెల కూడికలు వచ్చాక ప్రతి స్థానంలోనూ వేళ్లు మడుస్తూ పోతే, ఒక్క వేలు తప్పినా మొత్తం తప్పుతుంది. పైగా పదుల స్థానానికి ఏం పంపాలో గుర్తుంచుకునే ఓపిక అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఈ చట్రం ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. అయితే ఒక నియమాన్ని గట్టిగా పాటించాలి: ఏ సంఖ్యనైనా ఒక్క తోపులో వేయాలి, పూసపూసగా జరపకూడదు. ఇంత ముఖ్యమైన మాటను తయారీదారులు పుస్తకం చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, శుభ్రం చేసే సూచనల పక్కన ఇరికించారు. ఆ నియమం తెలియని ఇంట్లో ఈ చట్రం మామూలు పూసల దండతో సమానం.

నియమం పాటిస్తే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. పై వరుసలో ఏడు, కింది వరుసలో ఆరు వేయమన్నాను. పాప రెండు తోపుల్లో వేసి, ఒక్క క్షణం చూసి, “పదమూడు” అంది.

“లెక్కపెట్టావా?” అని అడిగాను.

“లేదు పిన్నీ. ఎర్రవి పైన అయిదు, కింద అయిదు, పది. తెల్లవి పైన రెండు, కింద ఒకటి.”

ఈ పద్ధతి నేను చెప్పింది కాదు. రెండు ఎర్రగుంపులు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటే పది దానంతటదే కనిపిస్తుంది. మరోసారి 9+6 వేసినప్పుడు, పై వరుసలో కుడివైపు ఒంటరిగా మిగిలిన పూసను ఎడమకు నెట్టి, దానికి బదులుగా కింది వరుసలోంచి ఒకటి వెనక్కి పంపి, “పదీ అయిదూ” అంది. అదే 8+7 దగ్గర మాత్రం ఒక్కోసారి ఎర్రగుంపులు చూస్తుంది, ఒక్కోసారి ‘ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకొకటి’ అంటుంది. ఒకే లెక్కకు ఇన్ని దారులు ఉండటం, వాటిలో ఏది సులువో పిల్లే ఎంచుకోవడం మరే వస్తువుతోనూ ఇంత సహజంగా జరగడం నేను చూడలేదు.

పెట్టెలో చట్రం తర్వాత నాకు బాగా నచ్చింది మూతపలక. చట్రం మీద కొంత భాగాన్ని కప్పే పలుచని చెక్క ముక్క అది, అంతే. ఎడమకు జరిపిన పూసలను దీనితో కప్పేసి కుడివైపు మిగిలినవాటిని మాత్రం చూపిస్తే, దాగినవి ఎన్నో పిల్ల చెప్పాలి. కుడివైపు నాలుగు తెల్లపూసలుంటే పలక వెనక ఆరు. పదికి జంటలైన 1-9, 2-8, 3-7, 4-6, 5-5 ఈ ఆటతో నోటికి వచ్చేస్తాయి. తీసివేతకు పునాది కూడా పేరు చెప్పకుండానే పడుతుంది. కొంతకాలం గడిచాక మొత్తం చట్రాన్నే కప్పి, పూసలను మనసులో జరపమనవచ్చు. చట్రం అవసరం క్రమంగా తగ్గడానికి దారి ఇదే. ఎప్పటికీ పూసలు ముట్టుకునే లెక్క చేసే అలవాటు పడితే వేళ్లను వదిలించి పూసలను తగిలించినట్టే అవుతుంది.

తయారీ నాణ్యత గురించి క్లుప్తంగా చెబుతాను. కడ్డీలు గట్టివి, వంగలేదు. పూసలకున్న రంధ్రం కాస్త పెద్దదిగా ఉండటం వల్ల పూసలు కొద్దిగా వాలుతాయి, కానీ జరగడంలో అడ్డు లేదు. పూసలన్నీ ఒక పక్కన ఉన్నప్పుడు రెండో పక్కన తగినంత ఖాళీ ఉండటం ముఖ్యం. లేకపోతే వేసినవేవో, వేయనివేవో తెలియదు. ఇందులో ఆ ఖాళీ సరిపోతుంది. ఎరుపు తెలుపుల ఎంపిక కూడా మంచిది. ఎరుపు, ఆకుపచ్చ పూసలతో వచ్చే చట్రాలు రంగుల తేడా సరిగా తెలియని పిల్లలకు ఇబ్బంది కలిగిస్తాయి. ఇక్కడ ఒకటి ముదురు, ఒకటి లేత కాబట్టి ఆ సమస్య రాదు. చట్రానికి కాళ్లు లేకపోవడం ఒక లోపం. బల్ల ఏమాత్రం వాలుగా ఉన్నా పూసలు వాటంతట అవే జారతాయి, అప్పుడు పిల్ల వేసిన ఎనిమిది తొమ్మిదైపోతుంది. నేర్పేవారు పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలన్న సంగతి కూడా పుస్తకంలో ఎక్కడా లేదు. ఎదురుగా కూర్చుంటే మన ఎడమ వాళ్లకు కుడి అవుతుంది, సూచనలన్నీ తారుమారవుతాయి.

ఇక అభ్యాస పుస్తకం. మొదటి భాగంలో చట్రం బొమ్మలు చక్కగా ఉన్నాయి కానీ, అవి లెక్క పూర్తయిన స్థితినే చూపిస్తాయి. 9+6కు పైన తొమ్మిది, కింద ఆరు పూసలు గీసి, పక్కన ‘ఒకటి జరిపి పది చేయుము’ అని రాశారు. జరిపాక ఎలా ఉంటుందో చూపించే రెండో బొమ్మ లేదు. అర్థం కావాల్సింది ఆ మార్పే కదా. రెండో భాగంలో బొమ్మలు మాయమై, పేజీ నిండా 8+4=□ వంటి లెక్కలు వరుసకట్టాయి. గడి ఎప్పుడూ చివరనే ఉంటుంది. ఇలాంటి పేజీలే నింపిన పిల్లలకు ‘=’ గుర్తు అంటే ‘ఇక జవాబు రాయి’ అనే అర్థం స్థిరపడిపోతుంది. వారికి 8+4=□+5 ఇచ్చి చూడండి; చాలామంది గడిలో 12 రాస్తారు, మరికొందరు కనిపించిన మూడు సంఖ్యలనూ కలిపేసి 17 రాస్తారు. రాయాల్సింది 7. ‘సమానం’ గుర్తును 1557లో ప్రవేశపెట్టిన రాబర్ట్ రికార్డ్, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి మరేవీ ఉండవని కారణం చెప్పుకున్నాడు. రెండు పక్కలూ ఒకే విలువ అన్నదే ఆ గుర్తు చెప్పేది.

ఈ లోపం నన్ను ఎక్కువగా బాధించడానికి కారణం, దాన్ని సరిదిద్దే సాధనం అదే పెట్టెలో ఉండటం. పైన ఎనిమిది, కింద నాలుగు వేసి, పై వరుసలోంచి ఒకటి వెనక్కి, కింది వరుసలో ఒకటి ముందుకు జరిపితే ఏడూ అయిదూ అవుతుంది. మొత్తం మారలేదని పిల్ల కళ్లారా చూస్తుంది. 8+4=7+5 అని రాయడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. పుస్తకం రాసినవారు తమ చట్రంతో ఒక్క పూట గడిపి ఉంటే ఈ పేజీ తప్పకుండా ఉండేది. సున్నా విషయంలోనూ ఇదే అశ్రద్ధ. 6+0 లాంటి లెక్కలు రెండే ఉన్నాయి, వాటికీ బొమ్మ లేదు; కింది వరుస ఖాళీగా ఉంచి చూపిస్తే సరిపోయేది.

మూడో భాగం పూర్తిగా వేరే పుస్తకంలోది అనిపిస్తుంది. అక్కడ అకస్మాత్తుగా రెండంకెల నిలువు కూడికలు, ‘పైకి ఒకటి’ పంపే లెక్కలు మొదలవుతాయి. ఇరవై పూసలతో 27+15 వేయలేం. పదుల విలువ తెలియకుండా నిలువు కూడిక మొదలుపెట్టిన పిల్ల ఒకట్లు కలిపి 12, పదులు కలిపి 3 అని, రెండిటినీ పక్కపక్కన రాసి 312 అంటుంది. జవాబు 42 కావాలని, మూడు వందలు దాటడం అసాధ్యమని ఆమెకు అనిపించదు. దీనికి కావలసింది పదేసి పుల్లల కట్టలు గానీ, ఒకట్ల ఘనాలు, పదుల కడ్డీలు ఉండే దిమ్మెలు గానీ. పది ఒకట్లు ఇచ్చి ఒక పది కడ్డీ తీసుకున్నప్పుడే ‘పైకి ఒకటి’ అన్న మాటలోని ఒకటి నిజానికి పది అని బోధపడుతుంది. తమ పరికరం పరిధి ఇరవై వరకేనని ఒప్పుకుని ఆ భాగాన్ని వదిలేసి ఉంటే పుస్తకం సన్నబడేది, మెరుగుపడేది. ఈ భాగాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టేయమనే నా సలహా.

కార్డుల కట్టలో 0+0 నుంచి 9+9 వరకు మొత్తం 100 కార్డులున్నాయి. నిండుగా కనిపిస్తుంది కానీ నేర్వాల్సినవి అన్ని లేవు. 3+8, 8+3 ఒకటే కాబట్టి వేర్వేరు కూడికలు 55కు తగ్గుతాయి. వాటిలోంచి సున్నా ఉన్న పదీ తీసేస్తే 45 మిగులుతాయి. ఆ 45లో మొత్తం పది దాటేవి 20 మాత్రమే: తొమ్మిదితో ఎనిమిది, ఎనిమిదితో ఇంకో ఆరు, ఏడుతో నాలుగు, ఆరుతో రెండు. పిల్లలు నిజంగా తడబడేది ఈ ఇరవై దగ్గరే. వంద కార్డుల కట్ట చూపించి బెదరగొట్టే బదులు, ఈ ఇరవై విడిగా తీసి చట్రం పక్కన పెట్టుకుంటే పని చాలా తేలికవుతుంది. కార్డు వెనక జవాబు అంకెల్లో మాత్రమే ముద్రించారు. చట్రం బొమ్మ కూడా ఉండి ఉంటే పిల్లలు తామే సరిచూసుకోగలిగేవారు.

ఇసుక గడియారం అసలు పెట్టెలో లేకపోయినా నష్టం లేదు. నిమిషంలో ఎన్ని కార్డులు చెప్పగలవో చూడమని సూచన. ఇసుక కారడం మొదలవగానే, అంతకుముందు ఎర్రగుంపులు చూసి జవాబు చెప్పిన పిల్ల కూడా బల్ల కింద వేళ్లు మడవడం కనిపిస్తుంది. తొందర పెడితే ఎవరైనా పాత, నమ్మకమైన దారికే తిరిగి వెళ్తారు. ‘ఎంత త్వరగా’ అనే ప్రశ్న కంటే ‘ఎలా వచ్చింది’ అనే ప్రశ్న ఈ వయసులో ఎక్కువ పని చేస్తుంది. గడియారాన్ని మేము వేరే ఆటలకు ఇచ్చేశాం.

ఇదే అవసరానికి వచ్చే ఇతర వస్తువులతో పోల్చి చూస్తే, బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్యూజెనేర్ రూపొందించిన రంగుల కడ్డీలు చాలా మంచివి. ఒకటి నుంచి పది వరకు ఒక్కో సంఖ్యకు ఒక్కో పొడవు, ఒక్కో రంగు ఉంటాయి; ఏడు కడ్డీ పక్కన మూడు కడ్డీ పెడితే పది కడ్డీకి సరిపోతుంది. ఇరవై దాటాక కూడా అవి పనికొస్తాయి. కానీ ఏ రంగు ఏ సంఖ్యో ముందు నేర్చుకోవాలి, కడ్డీ మీద విడివిడి ఒకట్లు కనిపించవు. లెక్కపెట్టడం ఇప్పుడిప్పుడే వదులుతున్న పిల్లకు పూసల చట్రమే దగ్గర. జపాన్ పూసల చట్రమైన సొరోబాన్ వేరే ప్రయోజనానిది. అందులో పై పూస ఒక్కటే అయిదు విలువ చేస్తుంది. ఆ ఒప్పందం అర్థం కావాలంటే అయిదు, పది గుంపుల మీద పట్టు ముందే ఉండాలి. తెర మీద పూసలు జరిపే యాప్‌లూ ఉన్నాయి, వాటిలో పూసలు జారిపోవన్నది నిజమే. అయితే చాలావాటిలో వేలితో తాకగానే పక్కన అంకె మారుతూ ఉంటుంది. సంఖ్యను తెరే చెప్పేస్తే పిల్ల పూసలు చూడాల్సిన పనేముంది?

ఒకటి, రెండు తరగతుల పిల్లలున్నవారికి, ముఖ్యంగా పిల్ల జవాబులన్నీ సరిగానే చెబుతూ ఇంకా వేళ్లు వదలని ఇళ్లకు, ఈ పెట్టెను సిఫారసు చేస్తాను. అయిదులోపు సంఖ్యలు ఇంకా నిలకడగా లెక్కపెట్టలేని చిన్నపిల్లలకు ఇది తొందరపాటే అవుతుంది. పైగా పూసలు ఊడివస్తే నోట్లో పెట్టుకునే వయసులో ఇది ప్రమాదకరం కూడా. తరగతి గదికైతే ఒక్క చట్రంతో పని జరగదు, ఇద్దరికొకటైనా కావాలి. చట్రం, మూతపలక మాత్రమే విడిగా దొరికితే అవే తీసుకోండి. ఇరవై కార్డులు ఇంట్లో అట్టముక్కల మీద మనమే రాసుకోవచ్చు, రాసే పనిని పిల్లకే అప్పగిస్తే మరీ మంచిది.